కృపారాణి గారు కొలిచిన వేగం

పందొమ్మిది వందల డెబ్బై మూడవ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీ గురువారం ఉదయం, మండపేట శివారున కాలువ గట్టు రోడ్డు పక్కనున్న మన డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర డిమాన్‌స్ట్రేటరుగా కుమారి కృపారాణి గారు బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి నేటి వరకు, అనగా రెండు వేల ఏడవ సంవత్సరం జూన్ ముప్పయ్యవ తేదీ వరకు, ముప్పై మూడేళ్ళ పది నెలల పాటు నిర్విరామంగా విద్యాసేవ చేసి వారు నేడు పదవీ విరమణ చేయుచున్న శుభసందర్భంలో, సహోద్యోగిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు కలిగింది. ఇటువంటి వ్యాసంలో రాసేవారి గురించి ఉండకూడదంటారు. కాని ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. "ఆ సంగతి రాయకండి చంద్రరావు గారూ, మీ ఇంట్లోవాళ్ళు కూడా చదువుతారు" అని మేడం గారు వారించారు. ఇన్నేళ్ళలో వారి మాట జవదాటడం నాకు ఇదే మొదలు.

రాజమండ్రిలో ఒక లూథరన్ ఉపాధ్యాయ కుటుంబంలో జన్మించిన కృపారాణి గారు, ఉద్యోగంలో ఉండగానే సెలవు పెట్టి వాల్తేరులో ఎమ్మెస్సీ పూర్తిచేసి, డెబ్బై తొమ్మిదిలో లెక్చరరుగా పదోన్నతి పొందారు. హైస్కూలు తెలుగు పండితులు శ్యాంబాబు గారితో వారి వివాహం ఆ మరుసటి ఏడే జరిగింది. ఎనభై ఆరు వరదల్లో ప్రయోగశాలలోకి నీరు చేరినప్పుడు, ఒక్కొక్క తూనికనూ ఒక్కొక్క కటకాన్నీ వారు తమ చీర చెంగుతో తుడిచి ఆరబెట్టిన దృశ్యం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉన్నది. తొంభై తొమ్మిదిలో శాఖాధిపతి అయ్యారు. ఏ విద్యార్థి ఏ మాట చెప్పినా వారి నోట వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "కొలిచావా?"

ఆ ప్రశ్న అధ్యాపకులమైన మమ్మల్ని కూడా ఒకనాడు అడుగుతారని మేమెవ్వరం ఊహించలేదు.

రెండు వేల నాలుగు నాటికి మన ప్రాంతంలో కేబుల్ లేని ఇల్లు లేదు. ఆ రోజుల్లో ఒక చానల్లో ప్రతి ఆదివారం మోటారుసైకిల్ విన్యాసాల కార్యక్రమం వచ్చేది. ముందు చక్రం గాలిలోకి లేపేవాడు ఒకడు, చేతులు వదిలేసేవాడు ఒకడు. సోమవారం ఉదయానికల్లా మన కాలువ గట్టు మీద అవే విన్యాసాలు! ఆ ఫిబ్రవరిలో ఒకరోజు, రెండవ సంవత్సరం బీయస్సీ చదువుతున్న సుధాకర్ అనే విద్యార్థి మన గేటు ఎదుటనే బండి ముందు చక్రం లేపబోయి, అదుపు తప్పి, జామకాయలు అమ్ముకునే దీనమ్మ మీదకు దూసుకుపోయాడు. మేము పరుగెత్తుకు వెళ్ళేసరికి రోడ్డంతా జామకాయలు, వాటి మధ్య కాలు విరిగి పడి ఉన్న దీనమ్మ. తోటి పిల్లలు కొందరు మాత్రం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. పడిపోవడం కూడా విన్యాసంలో భాగమే అనుకున్నారట! ఆ చప్పట్లు తలచుకుంటే నాకు నేటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ మరునాడు జరిగిన స్టాఫు కౌన్సిల్ సమావేశంలో అందరికంటే గట్టిగా మాట్లాడినవాణ్ణి నేనే. టీవీలు యువతను సర్వనాశనం చేస్తున్నాయనీ, పట్నాలలో వలె మన గేటు వద్ద కూడా స్పీడు కెమెరా పెట్టించమని పోలీసువారికి అర్జీ ఇవ్వాలనీ, సుధాకర్‌కు టీసీ ఇచ్చి పంపివేయాలనీ బల్ల గుద్ది చెప్పాను. జువాలజీ గంగయ్య గారు మాత్రం, "కెమెరా బండి నంబరు చూస్తుంది గాని బుద్ధిని చూస్తుందాండి? ఊళ్ళో వాళ్ళందరికీ చలానాలు పంపించి మనమే తగువు తెచ్చుకున్నట్టవుతుంది" అని అడ్డు తగిలారు. గంటసేపు వాదోపవాదాలు జరిగాయి. చివరకు కృపారాణి గారు లేచారు.

"ఆ కెమెరాకి ఎవరు స్టూడెంటో, ఎవరు లెక్చరరో తెలీదు కదండీ. అందుకు ఒప్పుకునే అడుగుతున్నామా?"

"నిక్షేపంగా ఒప్పుకుంటాం" అన్నాను నేను.

"అయితే ముందు మనమే కొలుద్దామండి. అర్జీలో రాయడానికి లెక్క ఉండాలి కదా. ఆ కుర్రాడి టీసీ సంగతి అప్పటిదాకా ఆపండి."

ప్రిన్సిపాల్ గారు రెండు వారాలు గడువిచ్చారు. కొలత ఏ రోజుల్లో జరుగుతుందో మేడం గారు ఎవరికీ చెప్పలేదు.

ఈలోగా వారు మరొక పని చేశారు. ఇంట్లో టీవీ లేని కృపారాణి గారు ఆ ఆదివారం పక్కింటికి వెళ్ళి, ఆ కార్యక్రమం మొదటి నుండి చివరి వరకు చూశారు. సోమవారం సుధాకర్‌నూ, చప్పట్లు కొట్టిన పిల్లలనూ వెంటబెట్టుకొని కాకినాడ ఆసుపత్రిలో దీనమ్మ వద్దకు తీసుకువెళ్ళారు. నేనూ తోడు వెళ్ళాను. దారిలో మగవాళ్ళ వార్డు దాటవలసి వచ్చింది. అక్కడ మంచాలన్నిటి మీదా ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళే. వరుసగా కట్టుకట్టి వేలాడదీసిన కాళ్ళు. సుధాకర్ గోడకు ఆనుకొని కూలబడిపోయాడు.

"టీవీలో పడిపోయినోళ్ళని చూపించరండి మేడం" అన్నాడు, ఏడుస్తూ.

"అవును, చూపించరు. అందుకే తీసుకొచ్చాను" అన్నారు వారు.

ఆడవాళ్ళ వార్డుకు చేరాక దీనమ్మ అతన్ని మంచం దగ్గరకు పిలిచింది. తిడుతుందేమో, శపిస్తుందేమో అనుకున్నాం. ఆమె మా వైపు తిరిగి, "కాలేజీలోంచి పంపేత్తారంట కదండీ ఈ బాబుని? నా కాలు ఎలాగూ ఇరిగిపోయింది. ఆడి సదువు కూడా ఇరగ్గొట్టేత్తే నా కాలు అతుక్కుంటాదాండి?" అన్నది. టీసీ ఇవ్వాలని బల్ల గుద్దిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో నాకు తోచలేదు. అయినా తిరుగు ప్రయాణంలో నా పంతం నేను వదలలేదు. జాలి వేరు, క్రమశిక్షణ వేరు అని వాదిస్తూనే ఉన్నాను.

గడువు ముగిసిన రోజున మళ్ళీ సమావేశమయ్యాము. గేటు ముందు రోడ్డు మీద యాభై మీటర్ల ఎడంతో రెండు సున్నపు గీతలు గీయించి, ప్రహరీ లోపలి నుండి స్టాప్‌వాచీలతో విద్యార్థులు అయిదు రోజులు ఉదయం తొమ్మిది నుండి పది వరకు ప్రతి బండినీ కొలిచారట. వాచీ పట్టినవారిలో సుధాకర్ కూడా ఉన్నాడు. మేడం గారు కాగితం విప్పి, తరగతిలో పాఠం చెప్పే గొంతుతోనే చదివారు.

"మొత్తం నాలుగు వందల ముప్పై ఎనిమిది బండ్లండి. గంటకి నలభై కిలోమీటర్లు దాటినవి నూట అరవై ఒకటి. అందులో విద్యార్థులవి నలభై ఏడు."

మిగిలిన నూట పద్నాలుగు ఎవరివి? మిల్లు లారీలు, పాల వ్యానులు, ఆటోలు, పెద్దమనుషుల కార్లు. "అన్నిటికంటే వేగంగా వెళ్ళిన బండి రెండు పాయింట్ నాలుగు సెకన్లలో దాటిందండి. అంటే గంటకి డెబ్బై అయిదు కిలోమీటర్లు. పేర్లు రాయలేదు. కెమెరా కూడా రాయదు కదా. నంబరు చదువుతాను."

చదివారు. అది నా మోటారుసైకిల్ నంబరు.

అయ్యలారా, అమ్మలారా! పిడుగు పడినట్టయిందని రాయడం సులువు. ఆ క్షణాన నాకు నిజంగా చెవులు మూసుకుపోయాయి. ఏ టీవీ చూసి నేర్చుకున్నాను నేను? మొదటి గంట బెల్లుకు అందుకోవాలన్న తొందరలో, కొడుకుల వయసు పిల్లలు రోడ్డు దాటే గేటు ముందు, ఎన్నేళ్ళుగా అలా పోతున్నానో! కాలు విరిగినది నా బండి కింద కాకపోవడం అదృష్టమే తప్ప నా గొప్ప కాదు. ఎవ్వరూ నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే అందరికీ తెలుసునని నాకు అర్థమయింది.

మేడం గారు అక్కడితో ఆపలేదు. "మూడో స్థానంలో ఉన్న ఆటోలో ఉన్నది నేనేనండి. 'త్వరగా పోనీ బాబూ, బెల్లయిపోద్ది' అని తొందరపెట్టింది కూడా నేనే. టీవీ పిల్లల్ని పాడుచేయట్లేదని నేననను. చేస్తోంది, మనందరం చూశాం. కానీ టీవీ వారానికో గంట. మనం రోజూ కనపడతాం."

నేను లేచి నిలబడి, ఆ బండి నాదేనని చెప్పి, టీసీ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నాను. కూర్చుంటుంటే గంగయ్య గారు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపారు.

సుధాకర్‌ను నెల రోజులు సస్పెండ్ చేశారు. ఆ నెలా అతను దీనమ్మ బుట్ట మోసి, ఆమె చోటున కూర్చుని జామకాయలు అమ్మాడు. పరీక్ష రాసి పాసయ్యాడు. ప్రస్తుతం తాపేశ్వరం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. దీనమ్మ నడక మాత్రం మునుపటిలా కాలేదు. ఆ విషయం దాచి ఈ వ్యాసాన్ని తీపి చేయడం మేడం గారికి నచ్చదు. కెమెరా కోసం అర్జీ ఇచ్చాము గాని నేటికీ రాలేదు. స్పీడు బ్రేకరు వచ్చింది. కెమెరా కావాలా వద్దా అన్న చర్చ ఏటా విద్యార్థుల మధ్య జరుగుతూనే ఉన్నది, ఏటా ఎవరో ఒకరు కొత్త వాదన తెస్తూనే ఉన్నారు. నేను మాత్రం ఇంటి నుండి ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరుతున్నాను.

ఇక మమ్మల్ని మరొకసారి నిర్ఘాంతపరచిన వార్త నిన్ననే తెలిసింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో కృపారాణి గారు స్కూటరు నేర్చుకోవడానికి లైసెన్సు తీసుకున్నారట! వెనక సీటులో కూర్చోవడానికి శ్యాంబాబు గారు, ఒకటి రెండు షరతుల మీద, అంగీకరించారట. ఆ దంపతులు రాజమండ్రి గట్టు మీద గోదావరి గాలి పీల్చుకుంటూ, తమకు నచ్చినంత నెమ్మదిగా, ఏ బెల్లుకూ అందుకోనక్కరలేని చల్లని ఉదయాలు అసంఖ్యాకంగా అనుభవించాలనీ, కృపారాణి గారికి దేవుడు చెక్కుచెదరని ఆరోగ్యాన్నీ, నూరేళ్ళు దాటిన ఆయువునూ ప్రసాదించాలనీ, మా అధ్యాపక బృందం తరపున మనసారా కోరుకుంటున్నాను.