ఎర్రకారుకు మహానంది వేసిన బ్యాటరీ

ఆదోని బస్సు ఇంకా రాలేదు. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా వనజక్క టీ అంగట్లో ఆ పొద్దున ఉన్నది నలుగురమే. పాలు కాగబెడతా వనజక్క, నేసిన చీరల మూట ఒళ్ళో పెట్టుకొని నేను, పత్తికొండ మార్కెట్టుకు టమాటా తోలే ఆటో ధనుంజయ, ఇంగ మహానంది. మహానందికి ఆదోనిలో బండ్లకు వైరింగు చేసే అంగడుంది. పని బాగా చేస్తాడు. దానికన్నా బాగా మాట్లాడతాడు.

"మహానందన్నా, నా ఆటో బ్యాటరీ పొద్దున్నే మొరాయిస్తాంది. లిథియం అని కొత్తవి వచ్చినాయంట గదా, వేస్తే ఏమన్నా తేడా ఉంటాదా?" అని అడిగినాడు ధనుంజయ. ఊరికే అడిగినట్టే అడిగినాడు.

"తేడానా!" అన్నాడు మహానంది. గ్లాసు బల్ల మీద పెట్టి, పంచె సర్దుకొని, మా ముగ్గురి మొగాలూ ఒకసారి చూసినాడు. నేను చీరల మూట పక్కన పెట్టి కుదురుగా కూర్చున్నా. బస్సు వచ్చినా ఇప్పట్లో లేచేది లేదని నాకు తెలుసు.

"నేను గొప్పలు సెప్పుకునేటోన్ని గాదు, మీకు తెలిసిందే. ఉన్నది ఉన్నట్టు సెప్తా. ఆదోనిలో పత్తి మిల్లు రాజశేఖరప్ప ఉండాడు గదా, ఆయప్ప దగ్గర ఒగ కారుండాది. ఇంగ్లండు కారు, రేసుల్లో పోతాయే ఆ జాతిది. రెండే సీట్లు, ఎర్రది, పైన మడిచే గుడ్డ టాపు. నేలకు ఎంత దగ్గరగా ఉంటాదంటే, దాంట్లో కూసుంటే కుక్క కూడా తల వంచి మనల్ని సూస్తాది. వాళ్ళ నాయన మద్రాసులో కొన్న బండి. రాజశేఖరప్ప తోలేది నేర్చుకున్నదీ దాంట్లోనే, పెండ్లయినంక ఆయమ్మను పక్కన కూసోబెట్టుకొని మంత్రాలయం పోయిందీ దాంట్లోనే. ఆయమ్మ పోయి ఆరేండ్లాయ. ఆ పొద్దు షెడ్డులో పెట్టిన బండి మల్ల కదల్లేదు. ఈ మధ్య బెంగుళూరు నుంచి పాతబండ్లు కొనే ఆయనెవరో ఫోను మీద ఫోను. రాజశేఖరప్పకు ఇచ్చే మనసూ లేదు, దాన్ని అట్ల సచ్చినట్టు పడుంటే సూసే ఓపికా లేదు. కడాకు ఒగ మాటనుకున్నాడు. శనివారం ఆ బెంగుళూరాయన వస్తాడు, ఆ లోపల బండి పలికితే ఉంచుకుంటా, పలక్కపోతే తోలుకపోనీ అని. కూతురు సుకన్య ఉండాది గదా, బళ్ళారి కాలేజీలో ఫిజిక్సు సెప్తాది, ఆ యమ్మ శుక్రవారం పొద్దున దిగింది. దిగీ దిగంగానే ఏమనింది? 'మహానంది మామను పిలిపించండి' అనింది. ఆదోనిలో ఇంగ మెకానిక్కులే లేరా? ఊరినిండా ఉండారు. పిలిచింది నన్ను."

"నీ అంగడి మిల్లుకు ఎదురుగానే గదా," అనింది వనజక్క.

"ఎదురుగానేలే. ఇప్పుడు అది గాదు మాట. పోయి మూత ఎత్తి సూస్తి. లోపల పాతకాలం ఆసిడ్ బ్యాటరీ. ఉప్పు పూసినట్టు తెల్లగా పూసి, ఉబ్బి, ఉలుకూ పలుకూ లేదు. దాన్ని బయటికి తీసేకి పత్తి బేళ్ళు మోసే హమాలీలు నలుగురు వచ్చినారు. పట్టుకొని ఊపితే కారు ఊగింది గానీ బ్యాటరీ ఊగలేదు. 'తప్పుకోండప్పా' అని నేను ఒగ చేత్తో, ఇదో ఈ ఎడమ చేత్తో..."

"కారు బ్యాటరీ పద్నాలుగు పదైదు కిలోలు ఉంటాదన్నా, అంతే," అన్నాడు ధనుంజయ.

"అది ఎండాకాలం బ్యాటరీ నాయనా. ఇది ఆరు వానాకాలాల తేమ తాగింది. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా లిథియం తీసి పెడితి. మూడు కిలోలు. అన్నం క్యారియరు అంత బరువు కూడా లేదు. పెట్టీ పెట్టంగానే కారు ముందరిపక్క పైకి లేచింది! యాలంటే, యాభై అరవై ఏండ్లుగా ఆ బరువు మోసీ మోసీ స్ప్రింగులకు అదే అలవాటు. ఒక్కసారిగా బరువు దిగేతలికి ముందర చక్రాలు జానెడు గాల్లో ఉండాయి. నేను జప్పున ఎగిరి బానెట్టు మీద కూసుంటి. కూసుంటే దిగుతాది, లేస్తే లేచ్చాది. ఎంతసేపని కూసుండేది? కడాకు రెండు పత్తి బేళ్ళు తెప్పించి ముందర మోకుతో కట్టినాము."

"సుకన్యమ్మ ఏం చేస్తాండె అప్పుడు?" అన్నాను నేను.

"పాపం, స్పానర్లు అందిస్తాండె. 'మామా, ఈ పని నాకెప్పుడొస్తాదో' అంటాండె. 'పుస్తకాలు సదివితే వచ్చేది గాదు తల్లీ ఇది' అంటి. మంచి పిల్ల, తల ఊపింది. ఇంగ స్టార్టు సెయ్యాల గదా? తాళం తిప్పలేదు నేను. జేబులో నుంచి తాళం తీస్తాండంగానే స్టార్టయింది! ఆ గుర్రు ఇని మిల్లులో మిషన్లన్నీ వాటంతటవే ఆగిపోయినాయి. భయానికి గాదు, మర్యాదకు."

వనజక్క నవ్వు ఆపుకొని పాలు కలిపింది. మహానంది గ్లాసు ఖాళీ అయింది గానీ అది చూసుకొనే స్థితిలో లేడు.

"సెప్పు లక్ష్మప్పా, ఆదోని నుంచి ఈడికి బస్సుకు ఎంతసేపు?"

"వస్తే, ముక్కాలు గంట," అన్నాను.

"నాకు నాలుగు నిమిషాలు. అందులో ఒగ నిమిషం బర్రెలు అడ్డమొస్తే ఆగినా. ఇంగొగటి సెప్పనా? సగం దోవలో సూస్తే పెట్రోలు ముల్లు అడుక్కి పడుండాది. అయిపోయి గాదు. అసలు పోసేదే మరిచిపోయినాము! మరి బండి దేని మీద పోతాండాది? ఉట్టి సెల్ఫు మోటారు మీద! బ్యాటరీ ఒగటే తోలుతాండాది బండిని."

"గేర్లో వేసి సెల్ఫు కొడితే నాలుగు గజాలు పోతాదన్నా, నిజమే," అన్నాడు ధనుంజయ. "నేనూ ఒగసారి రైల్వే గేటు కాడ అట్లనే దాటించినా."

"నాలుగు గజాలు పోయేది నలభై మైళ్ళు ఎందుకు పోదు? నువ్వు చెయ్యి తీసేసింటావు. సరే, ఎమ్మిగనూరు వస్తి. వచ్చేతలికి ఊర్లో కరెంటు లేదు. మరమగ్గాలన్నీ మూగపోయి ఉండాయి. జనం పరేషాన్ అయి ఈదుల్లో నిలబడుండారు. మనమేమో సూసి ఊరుకునే మనిషి గాదు. బ్యాటరీకి రెండు వైర్లు కట్టి కరెంటు స్తంభానికి తగిలిస్తి. అంతే, ఊరంతా టకటకా టకటకా! ఈ లక్ష్మప్ప మగ్గం కూడా ఆడింది ఆ పొద్దు, కావాలంటే అడగండి."

"మాది చేమగ్గమప్పా," అన్నాను. "చేత్తో, కాలితో ఆడాల్సిందే. దానికి వైరే ఉండదు."

"నేను సెప్పేది అదే గదా! వైరు లేని మగ్గం ఆడిందంటే ఆ బ్యాటరీలో ఎంత కరెంటుండాలో ఆలోచన సెయ్. శుక్రవారం మీ ఇంట్లో చీర జల్ది అయిపోలేదా?"

"అయింది. మా యింటామె నేసింది."

"సూస్తివా! ఎట్లయిందో నీకే తెలీదు."

నేను టీ తాగినాను. కథలో మహానంది అప్పటికే గోనెగండ్ల దాటి పత్తికొండ దోవ పట్టినాడు.

"ఆ ఊపులో లైట్లు ఆర్పేది మరిచిపోతి. పట్టపగలే వెలుగుతాండాయి. పత్తికొండ మార్కెట్టు ముందర టమాటా ట్రాక్టర్లు వరసగా నిలబడుండాయి. అన్నీ పచ్చికాయలు, రైతులు మొగాలు ఏలాడేసుకొని ఉండారు. నేను మలుపు తిరిగితి. లైటు మొదటి ట్రాక్టరు మీద పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాయలు ఈ కొన నుంచి ఆ కొనకు, ఒగ్గో ట్రాక్టరే, ఎర్రగా మాగుతా వచ్చినాయి! కడా ట్రాక్టరు దగ్గర రోంత ఎక్కువసేపు ఆగితి, అవి ఊరగాయ అయిపాయ."

"శుక్రవారం నా ఆటో ఆడనే ఉండె అన్నా. నా కాయలు పచ్చిగానే ఉండిపాయ."

"నువ్వు పట్ట కప్పింటావు," అన్నాడు మహానంది ఏమాత్రం తడబడకుండా. "మల్ల తిరిగొస్తాంటే, ముందర కట్టిన పత్తి బేళ్ళు మోకు తెగి పడిపాయ. ఇంగ సెప్పేదేముండాది, కారు లేచింది! కిందికి సూస్తే ఆదోని కోట, మిల్లు పొగగొట్టం. హాలహర్వి దాటి కర్ణాటకలో దిగినా. ఆడ పోలీసాయన ఉరుక్కుంటా వచ్చి, 'ఏనప్పా ఇదు, విమాననా? విమానద లైసెన్స్ తోర్సు' అని కన్నడంలో విమానం లైసెన్సు అడిగినాడు. నేను మూత ఎత్తి బ్యాటరీ సూపిస్తి. సెల్యూట్ కొట్టి పంపినాడు."

"మరి బండి రాజశేఖరప్పది గదా, ఆయప్ప యాడుండాడు ఇంతసేపూ?" అనింది వనజక్క.

"మిల్లు మెట్ల మీద. నేను తిరిగొచ్చి ఆపేతలికి, ఆయప్ప చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతానే ఉండాది."

అప్పుడు ధనుంజయ సెల్లు బయటికి తీసినాడు.

"అన్నా, ఆ మిల్లులో బేళ్ళు తూకమేసే జయన్న ఉండాడు గదా."

"ఉండాడు. శానా మంచోడు. నేను ఎగిరిపోతాంటే కింద నుంచి చెయ్యి ఊపింది ఆయప్పే."

"మా బామ్మర్ది."

మహానంది ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయినాడు.

"శుక్రవారం వాట్సాప్‌లో స్టేటస్ పెట్టినాడు," అన్నాడు ధనుంజయ. "సూసినప్పటి నుంచి నాకూ లిథియం వేయించాలనే ఉండాది. అందుకే నిన్ను అడిగింది."

సెల్లు బల్ల మీద నిలబెట్టినాడు. మేమంతా వంగినాము. మిల్లు ముందర ఖాళీ జాగా, మిట్టమధ్యాహ్నం ఎండ. ఎర్రకారు నిజంగానే అందంగా ఉంది. స్టీరింగు పట్టుకొని సుకన్య కూర్చుంది. కారు వెనక పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ డిక్కీకి ఆనించి, తల వంచి మహానంది ఉన్నాడు.  కారు మా కళ్ళ ముందర నిదానంగా ఒక రౌండు తిరిగింది.

"నువ్వు ఎనకుండావేందన్నా?" అన్నాడు ధనుంజయ.

మహానంది ఒక్క క్షణమే ఆలోచించినాడు. "పట్టుకొనుండా. ఇడిచిపెడితే ఎగిరిపోతాది గదా, ఆపుతాండా."

"మరి ఆ యమ్మ, 'ఇంగ రోంత గట్టిగా తొయ్యి మామా' అంటాండాదే!" అనింది వనజక్క.

ఇంక ఆగలేక మేము నవ్వినాము. మహానంది నవ్వలేదు. సెల్లులో మహానంది రెండో రౌండు తోసినాడు. మూడోది సగంలో చెప్పు ఊడింది, అట్లనే తోసినాడు. అప్పుడు సుకన్య బండి ఆపమని దిగి, బండితో వచ్చిన పాత పుస్తకమొకటి తెరిచి, బానెట్టు ఎత్తి చూసింది.

"మామా, ఆ కాలం బండ్లకు పాజిటివ్ వైరు పోయి బాడీకి కలవాల. నువ్వు నెగెటివ్ కలిపినావు."

"లోకంలో ఎవరన్నా పాజిటివ్ తీసకపోయి బాడీకి కలుపుతారా తల్లీ?"

"ఆ కాలంలో కలిపేటోళ్ళు. ఇదో, రాసుండాది. మన బ్యాటరీ తెలివైంది, తప్పుగా కలిపేతలికి తనంతట తానే కరెంటు ఆపి మూసుకుంది. రోంతసేపు చార్జరు పెడితే లేచ్చాది."

చార్జరు పెట్టిన భాగం జయన్న తీయలేదు. తర్వాత సుకన్య వైర్లు రెండూ మార్చి బిగిస్తాంటే, మహానందే స్పానర్లు అందిస్తా నిలబడినాడు. ఆ యమ్మ పోయి లోపల కూర్చొని స్టార్టరు మీట లాగింది. బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. నల్లగా పొగ వదిలి, గుర్రుమని అందుకుంది.

రాజశేఖరప్ప మిల్లు మెట్ల మీద నిలబడి ఉన్నోడు కూలబడినట్టు కూర్చొని, మొగానికి టవలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయప్ప భుజాలు కదులుతా ఉండాయి. మహానంది ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి చెప్పు లేకుండా, కారు చుట్టూ ఉరుకుతాండాడు. "పలికింది! అప్పా, పలికింది! సూడు, నీ బండి పలికింది!" అని అరుస్తాండాడు. ఆ అరుపుకు సెల్లు బుడ్డ గొంతు చాలలేదు, గరగరమనింది. అంతటితో అయిపోయింది.

వనజక్క పొంగుతాన్న పాలను దించింది.

"మూడు రౌండ్లు," అన్నాడు మహానంది చిన్నగా. "మొత్తం ఎండ. ఆ బెంగుళూరాయన శనివారం వచ్చినాడు. రాజశేఖరప్ప ఆయన్ని పక్క సీట్లో కూసోబెట్టుకొని బజారు దాకా తిప్పి, టీ తాపి, ఉత్త చేతుల్తో పంపినాడు. బండి ఆదోనిలోనే ఉండాది. అదన్నా నిజమే గదా ధనుంజయా?"

"నిజమే అన్నా. జయన్న కూడా సెప్పినాడు."

ఆదోని బస్సు వచ్చి నిలబడి హారను కొట్టింది. మహానంది లేచి పంచె దులుపుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చినాడు.

"ఆ వీడియో నాకు పంపియ్యి. తోసే భాగం కోసేసి పంపు."

వనజక్క కొత్త గ్లాసులో టీ నిండుగా పోసి ఆయప్ప ముందర పెట్టింది.

"బస్సు ఇంగొగటి వస్తాదిలే, కూసో," అనింది. "ఈ టీ తోసినందుకు."