వెనక కూడా ఓ కన్నుందట

హలో… ఆఁ, నేనే అక్కా. నేనే, విజయదుర్గని.

…ముందు ఆ ఏడుపాపు. ఉషశ్రీకి ఏమీ కాలేదు.

…కాలేదంటున్నానా! నా కూతురు నిక్షేపంలా ఆఫీసులో కూచుని కంప్యూటరు కొట్టుకుంటోంది. పడింది అది కాదు.

—నేను.

…ఆఁ. నేనే.

…రోడ్డు మీదెందుకు పడతానక్కా, నేను రోడ్డెక్కితే కదా! మా హాల్లో.

…హాల్లో సైకిలెందుకుంటుంది? లేదు. సైకిలు లేకుండానే పడ్డాను.

…నవ్వు, నవ్వు. ఇప్పటిదాకా శోకాలు పెట్టిన మనిషివి…

ఇంతకీ నీకెవరు చెప్పారు? …మీ మరిదిగారా! అనుకున్నా. నేను స్టీలు కొట్టుకి ఫోన్ చేసి "సైకిలు వీడియో చూస్తూ పడ్డానండీ" అన్నాను. ఆయన బావగారితో ఏమన్నారో! ఏలూరు నుంచి మీ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి చేరేసరికి అందులోకి లారీ కూడా వచ్చేసిందా?

…ఆహా. రెండు లారీలా.

…చీలమండ. కుడికాలు. అరటికాయంత వాచింది. గుడ్డ చుట్టి స్టూలు మీద పెట్టుకున్నా.

…విరగలేదులే. మొదట విరిగిందనే అనుకున్నా. విరిగి, ఆపరేషనై, చీము పట్టి, మోకాలి దాకా తీసేసి… ఆఁ, తీసేసినట్టే ఏడ్చా. ఆయనొచ్చి "వేళ్ళు ఆడించవే" అన్నారు. ఆడాయి. ఏం చేస్తాం!

…చెబుతున్నా, విను. ఉష దగ్గర కెమెరా ఉంది చూడు, సబ్బుబిళ్ళంత. సైకిలు హ్యాండిలుకి ఓ కర్ర బిగించి దాని కొసన పెడుతుంది. చుట్టూ ఉన్నదంతా తీస్తుందట అది. తరవాత కళ్ళకి ఓ డబ్బా కట్టుకుని చూస్తే మనమే అక్కడున్నట్టుంటుంది. "అమ్మా, నువ్వెలాగూ గడప దాటవు. కొల్లేరే నీ దగ్గరికొస్తుంది, చూడు" అని పొద్దున ఆ డబ్బా నా ఒళ్ళో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి ఆఫీసుకెళ్ళింది.

…వాకింగా? చేస్తున్నా. షుగరుకి రోజూ అరగంట నడవమన్నారు డాక్టరుగారు, నడుస్తున్నా. డాబా మీద.

…వీధిలో కుక్కలుంటాయక్కా. కుక్క లేకపోతే ఆంబోతు. రెండూ లేకపోతే ఇంకేదో ఉండే ఉంటుంది, నాకు కనపడలేదంతే.

సరే, కట్టుకున్నా. అబ్బ, ఏం చెప్పమంటావు! కొల్లేటి గట్టు. రెండు పక్కలా నీళ్ళు. తల పైకెత్తితే ఆకాశం. కిందకి చూస్తే మన పిల్ల కాళ్ళు, చకచకా తొక్కుతూ. పక్కకి తిరిగితే గూడబాతులు, తెల్లగా, పెళ్ళి పందిట్లో కూచున్నట్టు వరసగా. ఇంతలో ఎదురుగా గేదెలు. గట్టు నిండా గేదెలే! నేను బ్రేకు వేశా.

…సోఫాకి బ్రేకేముంటుంది, కాళ్ళతోనే వేశా. పడ్డా.

…అంతే.

…అంతేనంటే అంతే. ఇంకేం దాస్తాను?

…ఏంటీ? చేసేశావా? ఉషకి ఫోన్ చేసేశావా? ఎప్పుడు?

…మధ్యాహ్నమే ఎందుకక్కా! సాయంత్రం అనుకున్నాం కదా.

…అవును, నేనే చెయ్యమన్నా. "మోకాలు పట్టేసిందే, లేవలేకపోతున్నా, రేపు పొద్దున్నే వచ్చి తోడుండు" అనమని ప్రతి మాటా నేనే చెప్పా. మధ్యలో ఓ మూలుగు పెట్టమన్నదీ నేనే. కాదనట్లేదు.

…ఏమంది?

…వెంటనేనా? ఒక్క మాట కూడా… విసుక్కోలేదా?

"అలాగే పెద్దమ్మా, మొదటి బస్సుకి వచ్చేస్తా" అందా.

…

…ఆఁ, వింటున్నా. ఉన్నాలే.

…సంతోషమేంటక్కా. మూడు నెలలుగా రేపటి ఆదివారం కోసం చూస్తోంది అది. ఇరవై మంది సైకిళ్ళ మీద మండవల్లి మీదుగా ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళ్తున్నారు. దారంతా వీడియో తీసే పని దీనికిచ్చారు. దాన్ని స్కూళ్ళలో పిల్లలకి ఈ డబ్బాలు కట్టి చూపిస్తారట. అంతమందిలో దీన్నే ఎంచుకున్నారని ఆ వేళ కంచం ముందు నుంచి మూడుసార్లు లేచింది. నేనేమో "ఒద్దు" అన్నా. వినలేదు. అందుకే చివరికి నీ మోకాలి మీదికి వచ్చాను.

…భోజనాల దగ్గర కూడా చెప్పా, గట్టు విరుగుతుంది, పాము వస్తుంది, గూడబాతు పొడుస్తుంది అని. దాని నోటికింద సంచి చూశావా, అందులో పిల్ల తల పడుతుందేమోనని… నువ్వూ నవ్వు. అదీ ఇలాగే నవ్వింది.

అక్కా, ఒక మాట చెబుతా. బావగారికి చెప్పనని ఒట్టెయ్యి.

…వేశావా? ఫోన్లో వేస్తే చెల్లుతుందంటావా? సరే.

నేను పడింది గేదెల వల్ల కాదు.

…గేదెలున్న మాట నిజమే. అవి పడ్డాక చూశా.

పదకొండు రోజులుగా దాని సైకిలు గాలి తీస్తున్నాను.

…నేనే. ఈ చేతులతోనే. వెనక చక్రం.

…పొద్దున ఐదున్నరకి సైకిలు గేటు దగ్గర నిలబెట్టి, కెమెరా ఆన్ చేసి, బూట్లు వేసుకోడానికి లోపలికెళ్తుంది. ఆ రెండు నిమిషాల్లోనే. చిన్న మూత ఉంటుంది, తీసి గోటితో నొక్కితే సుయ్‌మంటుంది. ఆ చప్పుడు లోపలికి వినపడకుండా నేను గట్టిగా "గోవిందా గోవిందా" అంటుంటాను.

…పాపమే. తెలుసు.

…గాలి లేకపోతే తిరిగొస్తుంది కదా, ఆ వేళప్పుడు ఏ సైకిలు షాపూ తియ్యరు కదా అని. రాలేదు. ఒక్కరోజూ రాలేదు. సైకిలు నడిపించుకుంటూ సందు చివరికెళ్ళి మలుపు తిరిగేది. కుక్కలకి భయపడి నడిపిస్తోంది, నా పోలికే వచ్చింది అని మురిసిపోయాను కూడా.

…అదే కదా, దొరికిపోయాను. కెమెరా నల్లకన్ను వీధివైపుంది, నేనేమో వెనక చక్రం దగ్గర. నన్నెలా చూస్తుందనుకున్నా. వెనక కూడా ఓ కన్నుందటక్కా దానికి!

ఉష పొద్దున డబ్బా ఇస్తూ ఒకటే చెప్పింది. "అమ్మా, మొదట మన గేటు కనపడుతుంది. నువ్వు ముందుకే చూడు. వెనక్కి తిరిగావంటే కళ్ళు తిరుగుతాయి" అంది.

…నేను తిరక్కుండా ఉంటానా? వెనక నుంచి చేపల లారీ వస్తోందేమోనని మొదటి నిమిషంలోనే తిరిగా.

లారీ లేదు. నేనున్నా.

…నైటీ మీద తువ్వాలు కప్పుకుని, చక్రం దగ్గర గొంతుక్కూచుని, అటూ ఇటూ చూస్తూ. గంగానమ్మ జాతరలో జేబులు కొట్టేవాడైనా అన్ని దొంగచూపులు చూడడు. సుయ్‌మంటోంది, నేను గోవిందా అంటున్నా, అదీ ఇదీ రెండూ వినపడుతున్నాయి! తల ముందుకి తిప్పితే వీధి, వెనక్కి తిప్పితే నేను. ఆ మొహం చూళ్ళేక లేచి పారిపోబోయా, టీపాయ్ తగిలింది.

…అవును. నన్ను చూసి నేనే జడుసుకుని పడ్డా. ఇన్నేళ్ళూ పిల్లకి ఏదో అవుతుందని చచ్చానా, మా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క ప్రమాదం సోఫాకీ టీవీకీ మధ్య, నాకే.

…ఆగు, నవ్వకు. ఇంకా ఉంది.

కింద కూచునే మిగతాది చూశా. మలుపు తిరిగి పాలబూతు గోడకి సైకిలు ఆనించింది. సంచిలోంచి పంపు తీసింది.

…పంపు, అక్కా. గాలి కొట్టే పంపు. సంచిలో సిద్ధంగా ఉంది.

…ఆఁ. దానికి తెలుసు.

కొట్టుకుంటూ కూనిరాగం తీస్తోంది. మొహంలో కోపం ఉందేమోనని ఎంత వెతికానో. లేదు. పాలబూతు రాజరత్నంగారు "ఇవాళ కూడా దిగిందా అమ్మా?" అన్నారు. "ట్యూబు పాతదండీ" అంది.

ట్యూబు పాతదట. పోయిన నెలే కొత్తది వేయించింది.

…

…లేదులే, జలుబు.

…డాక్టరుగారు చెప్పినట్టు సందు చివరిదాకా నడిచుంటే మొదటిరోజే ఎదురుపడేదాన్ని. డాబా మీద తిరిగా కదా, నాకెవరు కనపడతారు? కాకులు.

…మరి నీ మోకాలి సంగతీ తెలిసే ఉంటుంది. మూలుగు బాగా పెట్టావా?

…బాగా పెట్టినా సరే. దానికి తెలుసు. తెలిసే వస్తానంది. ఎన్నాళ్ళని మోస్తుందక్కా ఆ పంపు?

అందుకని, నువ్వు వెంటనే కోలుకోవాలి.

…ఇప్పుడే. ఏదో నూనె రాశాను, తగ్గింది అని… ఊహూఁ, ఒద్దు. ఇంకో అబద్ధం ఒద్దులే.

…నేనా? నేనే చెప్పాలంటావా?

…భయం ఎక్కడికి పోతుంది! రేపు కూడా గట్టు రెండు పక్కలా నీళ్ళేగా. పక్షులు మనుషుల్ని ఏం చెయ్యవని మీ మరిదిగారు అంటారు. ఆయనెప్పుడైనా కొట్టు దాటి చూశారా ఏంటి?

ఆగాగు. గేటు తీసిన చప్పుడు… ఉష ఆఫీసు నుంచి వచ్చేసింది. నువ్వు పెట్టెయ్యకు అక్కా, లైన్లో ఉండు. ఒక్కదాన్నే చెప్పలేను.

ఉషా… కాలికేం లేదే. బెణికింది, అంతే.

…చూశా. మొత్తం చూశా.

…వెనక్కే తిరిగా.

…

అక్కా, ఇదిగో, బూట్లు విప్పుకుంటోంది.

ఇదిగో, పెద్దమ్మ లైన్లో ఉంది. మోకాలు బానే ఉందట. ఎప్పుడూ బానే ఉందట. అదీ నేనే. నువ్వు రేపు గూడెం వెళ్ళక్కర్లేదు. కొల్లేరే వెళ్ళు.

…ఏంటే ఆ చూపు? నిజంగానే అంటున్నా. ఆ సంచి ఇలా తే. పంపు తియ్యి.

…కాలితో పనేముంది, చేత్తో కొట్టేదేగా! రేపటికి నేనే కొడతా. సైకిలు ఇక్కడికే తీసుకురా, నేను లేవలేను.

అక్కా, వింటున్నావా? ఇప్పుడుంది మా హాల్లో సైకిలు.

…ఆ మూత తియ్యడం నాకు నేర్పక్కర్లేదులేవే.

…నవ్వుతోందక్కా! సరే, ఉంటా మరి. పనిలో ఉన్నా. ఫోన్ ఇక్కడ స్టూలు మీద పెడుతున్నా, నువ్వే కట్ చేసుకో.

ఒకటి… రెండు… అమ్మో, ఇంత బలం పెట్టాలా! రోజూ ఇంత కొట్టేదానివా?

…ఎన్ని కొట్టాలి?

…గట్టిపడిందే. ఉషా, చాలేమో… పేలదు కదా?

…ఒసేయ్, తరవాత నవ్వుదువు గానీ, ముందు చెప్పు… పేలదు కదే?