మొగిలికుంట నిలిచిన వానాకాలం

సభకు అధ్యక్షత వహిస్తున్న బాలేష్ గారికి, రిటైరై ఇంట్లో హాయిగా ఉండి కూడా నా కోసం ఇంత దూరం వచ్చిన మా పాత డైరెక్టర్ శ్రీనివాసరావు గారికి, ఈ వీడ్కోలు తలపెట్టిన చికెన్, మటన్ దుకాణదారుల సంఘానికి, దాని అధ్యక్షురాలు సాలమ్మకు, శామీర్‌పేట నుంచి, దేవరయాంజాల్ నుంచి వచ్చిన పెద్దలకు, అమ్మలకు, ఇంకా వెనక వరుసల్లో కూర్చుని నా దిక్కు ఒక కన్ను, వంటశాల దిక్కు ఒక కన్ను వేసిన మిత్రులకు (నవ్వులు) అందరికీ నమస్కారం.

నాకు మా నాయిన పెట్టిన పేరు సత్యమ్మ. మచ్చ బొల్లారంలో పుట్టి పెరిగిన, తాపీ మేస్త్రీ బిడ్డను. కానీ మీరు పంచిన ఆహ్వాన పత్రిక మీద నా పేరు లేదు, 'పిట్టల మేడం గారికి ఆత్మీయ వీడ్కోలు' అని ఉంది. ఇదేంది సాలమ్మా అని అడిగితే, "మీ అసలు పేరు రాస్తే ఎవలు గుర్తువడ్తరు మేడం, హాలంత ఖాళీ ఉంటది" అన్నది. ఇవాళ హాలు నిండింది కాబట్టి నేను ఓడిపోయినట్టే. (నవ్వులు)

మొన్న ఆఫీసులో కూడా నాకు శాలువా కప్పారు, మంచి మాటలు చెప్పారు. కానీ ఎయిర్‌పోర్టులో పక్షుల నివారణ విభాగం అధికారికి, ఆమె ఒకప్పుడు మూయించాలని వచ్చిన దుకాణాలవాళ్లు సన్మానం చేయడం నేనైతే ఎక్కడా వినలేదు. ఇది ఎట్లా జరిగిందో కొత్తగా వచ్చినవాళ్లకు, ముఖ్యంగా రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే ఈ అమ్మాయి సృజనకు చెప్పాలని ఉంది. బాలేష్ గారూ, అన్నం చల్లారకముందే ముగిస్తాను, నన్ను నమ్మండి.

నేను జువాలజీ చదువుకున్న. పిట్టలంటే ప్రాణం. అట్లాంటిదాన్ని పిట్టలను తరిమే కొలువులో చేరిన. విమానం ముందు పిట్ట ఎంత అనుకుంటాం గానీ, పైకి లేచే విమానం ఇంజన్లో ఒక్క గద్ద పడితే లోపల కూర్చున్న అందరి ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని జీపులో తిరుగుతూ పటాకులు కాల్చాలి, గడ్డి కోయించాలి, గూళ్లు పెట్టకుండా చూడాలి. నేను చేరినప్పుడు మన ఎయిర్‌పోర్టు చిన్నది. అటువైపు కంచె, ఇటువైపు అంగూర్ తోటలు, మధ్యలో బండరాళ్లు, ఆ రాళ్ల మధ్య నుంచి మొగిలికుంటకు వాన నీళ్లు తీసుకుపోయే వొర్రె. మధ్యాహ్నం ఒక విమానం దిగిందంటే మళ్లీ విమానం వచ్చే లోపల తీతువు పిట్టలు రన్‌వే పక్కన తిరిగి తిరిగి పోయేవి.

తర్వాత విస్తరణ వచ్చింది. రన్‌వే ఇటు దిక్కు పొడుగైంది. తోటలు పోయినయి, రాళ్లు పగలగొట్టారు, నేలంతా చదును చేసి గడ్డి వేశారు. గడ్డికి పురుగులొచ్చినయి, పురుగులకు పిట్టలొచ్చినయి. ప్రయాణికులు పెరిగారు, క్యాబులు పెరిగినయి, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, కోళ్ల దుకాణాలు, వీటన్నిటి ఎంగిలి, చెత్త పెరిగింది. చెత్త ఎత్తే బండి మాత్రం పెరగలేదు. అప్పుడు వచ్చినయి గద్దలు. పొద్దెక్కి గాలి వేడెక్కంగనే మొగిలికుంట మీద గుండ్రంగా తిరిగేవి, చూసేవాళ్లందరూ కుంట వల్లనే వచ్చినయి అనుకునేవారు.

ఒక శ్రావణమాసం పొద్దున జరగకూడనిది జరిగింది. పైకి లేస్తున్న విమానం ఇంజన్లో గద్ద పడింది. పైలట్ విమానాన్ని తిప్పుకొచ్చి క్షేమంగా దింపాడు, ఎవరికీ గాయం కాలేదు. కానీ దిగిన ప్రయాణికుల్లో ఒక నిండు గర్భిణి నిలబడలేక నేల మీదనే కూర్చుండిపోయింది. ఆమెకు నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది నేనే. ఆమె తాగలేదు, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు నాకింకా గుర్తుంది. నా పని ఎవరి కోసమో ఆ రోజు నాకు ఇంకెవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఆ సాయంత్రమే పెద్ద సమావేశం. రెండు నిర్ణయాలు దాదాపు అయిపోయినయి. ఒకటి, రోడ్డు పక్క కోళ్ల దుకాణాలన్నీ ఎత్తేయించడం. రెండోది, చదును చేయంగ మిగిలిన మట్టి ఉంది కాబట్టి దానితో మొగిలికుంటను పూడ్చేయడం. నీళ్లు లేకపోతే పిట్టలుండవు గదా అని. ఊరి తరఫున వచ్చిన బాలేష్ గారు కూడా పూడ్చండి అన్నారు. (నవ్వులు) నవ్వకండి, వారి ఇంటి భూమి రన్‌వేకు పోయింది, ఇంట్లో ముసలి తల్లికి విమానాల చప్పుడుకు నిద్ర లేదు, ఏదో ఒకటి చేసి ఈ పరేషాన్ తీర్చండి అన్నదే వారి మాట.

నేను లేచి నిలబడ్డ. ఇంజన్లో దొరికిన ఈకలు గద్దవి, గద్ద నీటిపిట్ట కాదు, అది కుంటలో చేపల కోసం రాలేదు, దుకాణాల వెనక పోస్తున్న పేగుల కోసం వచ్చింది, కుంటను పూడ్చితే కొంగలు, బాతులు పోతాయి, గద్దలు ఉంటాయి, పైగా చోటు పోయిన కొంగలు తడి గడ్డి వెతుక్కుంటూ రన్‌వే మీదికే వస్తాయి అని చెప్పిన. శ్రీనివాసరావు సార్ కిటికీలోంచి కుంట దిక్కు చూసి, "దసరా వరకు ఆగుదాం సత్యమ్మ గారూ. అప్పటికీ గద్దలు తగ్గకపోతే నేను కూడా ఏం చేయలేను" అన్నారు. సార్, ఆ మాటకు మీ మీద ఎంత ఒత్తిడి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఇంత మంది ముందు మీకు దండం పెట్టే అవకాశం ఇవాళ దొరికింది.

మరునాడు నేను పోయింది సాలమ్మ దుకాణానికి. దేవరయాంజాల్ పోయే దారిలో రేకుల షెడ్డు. వెనక గుంతలో పేగులు పోస్తే గద్దలు వచ్చి తన్నుకుపోతున్నాయి. నేను చట్టం చెప్పిన, ప్రమాదం చెప్పిన, అన్నీ చెప్పిన. ఆమె కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, అరవకుండా నెమ్మదిగా అన్న మాట నేను ఎన్నటికీ మరువను.

"గీ రన్‌వే రాకముందు నేను అంగూర్ తోటల కూలికి వోయేదాన్ని మేడం. తోట మీకిచ్చిన్రు. పట్టాదారుకు ఇచ్చేది ఇచ్చిన్రు. కూలోళ్లను ఎవ్వలు అడుగలే. మా ఆయన వోయినంక గీ దుకాణం వెట్టుకొని బిడ్డను సదివిస్తున్న. ఇగ గిది గూడ మీ విమానాలకు అడ్డమొచ్చిందా?"

అక్కడున్న బల్ల మీద కూర్చున్న. ఆమె కూతురు భవిత, అప్పుడు కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివేది, కాలేజీ బస్సు దిగి వచ్చి, ఎవరీమె అన్నట్టు చూసి, నాకు చాయ్ పెట్టి ఇచ్చింది. ఆ చాయ్ తాగుతూ అడిగిన, మరి పేగులు గుంతలో ఎందుకు పోస్తున్నవమ్మా అని. ఇంకెక్కడ పోయాలె, గద్దలు తినకపోతే వాసనకు గిరాకీ రాదు, ఈ రోడ్డు మీద చెత్త ఎత్తుకపోయేది అవి ఒక్కటే గదా అన్నది సాలమ్మ.

అక్కడినుంచి పని మొదలైంది. మూతల డ్రమ్ములు ఇప్పిస్తాం, రోజూ బండి వచ్చి తీసుకుపోతుంది, పేగులను ఉడికించి దాణా చేసే కర్మాగారం ఒకటి ఉంది, అక్కడికి పంపుతాం అని ఒప్పించిన. సాలమ్మ ఒప్పుకుంటే మిగతా దుకాణాలు ఒప్పుకున్నాయి. గుంతలు పూడ్చారు. ఒక వారం గద్దలు నిజంగానే తగ్గినయి. నేను మస్తు సంబరపడ్డ. తర్వాత బండి రావడం మానేసింది. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. మూతల కింద డ్రమ్ములు ఉబ్బినయి. దుకాణాల ముందు నిలబడటం కష్టమైంది. నేను రోజూ పోయి రేపు వస్తుంది, రేపు వస్తుంది అని చెప్పేదాన్ని, రెండు మూడు రోజులకు నా మాట మీద నాకే నమ్మకం పోయింది.

ఒక పొద్దున ఎయిర్‌పోర్టు గేటు దగ్గర గొడవ అవుతోందంటే పరుగెత్తిన. సాలమ్మ ట్రాలీ ఆటోలో డ్రమ్ములన్నీ వేసుకొచ్చి గేటు ముందర దింపించి, వాటి పక్కన కూర్చుంది. మూతలు తీసింది. కాసేపటికే గేటు మీద గద్దలు తిరగడం మొదలైంది. (నవ్వులు) ఇప్పుడు నవ్వు వస్తుంది గానీ ఆ రోజు నా పై ప్రాణాలు పైనే పోయినయి. పోలీసులను పిలుస్తామని సెక్యూరిటీవాళ్లు అంటుంటే శ్రీనివాసరావు సార్ కిందికి వచ్చారు. మూతలు పెట్టమ్మా, విమానాలున్నాయి అన్నారు. ఆమె వెంటనే పెట్టింది, పెట్టి లేచి నిలబడి అన్నది:

"నా డ్రమ్ముల వాసన మీ దాంక వస్తాంది గదా సార్. మీ హోటళ్ల ఎంగిలి మా కుంట కట్ట మీద పోస్తున్నరు, గా వాసన మా ఇండ్లకు రోజు వస్తాంది. దుకాణాలు మూస్తం. మరి గదెవలు మూస్తరు?"

సార్ నన్ను అడిగారు నిజమేనా అని. నిజమే సార్, చూద్దాం రండి అన్న. సార్, నేను, సాలమ్మ ఒకే జీపులో కుంట కట్ట మీదికి పోయినం. అక్కడ ఎయిర్‌పోర్టు హోటళ్ల అన్నం, ఎముకలు, ప్లాస్టిక్ సంచులు గుట్టగా ఉన్నాయి. సార్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు, పక్కన సాలమ్మ ఊరికే నిలబడటం చూసి రుమాలు జేబులో పెట్టుకున్నారు. దసరా వరకు ఆగుదామన్న మాట పట్టించుకోకుండా, అప్పటికే పూడ్చడానికని టిప్పర్లు వచ్చి కుంట మూలకు కొన్ని ట్రిప్పుల మట్టి పోసి ఉన్నాయి. సార్ ముందు ఆ టిప్పర్లను వెనక్కి పంపారు.

ఆ మరునాటి నుంచి ఎయిర్‌పోర్టు సొంత బండి తిరిగింది, హోటళ్ల ఎంగిలికీ, దుకాణాల డ్రమ్ములకూ కలిపి. ఫంక్షన్ హాళ్లను ఒప్పించే బాధ్యత బాలేష్ గారు తీసుకున్నారు, ముందు తన హాలు నుంచే, అంటే మనం కూర్చున్న ఈ హాలు నుంచే. దసరా వచ్చేసరికి గద్దలు పూర్తిగా పోలేదు గానీ, పొద్దున ఆకాశం చూస్తే గుండె దడ పుట్టేంత లేవు. కార్తీకంలో వలస బాతులు వచ్చి కుంటలో దిగినయి. సార్ ఒక ఆదివారం వారి మనవరాలిని తీసుకొచ్చి చూపించారు.

మరి అంతా బాగైందా అంటే, అబద్ధం చెప్పి వీడ్కోలు తీసుకోలేను. అంగూర్ తోటలు రావు. కుంటకు నీళ్లిచ్చే వొర్రె రన్‌వే కింద పడింది. ఏండ్లకేండ్లు అడిగితే పక్క నుంచి కాల్వ తవ్వారు, మొదట్లో అందులో నూనె తేలుతూ వచ్చేది, మళ్లీ అడిగితే వడపోత తొట్టి కట్టారు. నీళ్లొస్తున్నాయి, వెనకటంత రావు. బాలేష్ గారి అమ్మకు కిటికీలకు రెండు అద్దాలు బిగించారు, నిద్ర కొంత పడుతోందట. ఎయిర్‌పోర్టు వద్దని నేను ఏనాడూ అనలేదు, దాని జీతంతోనే నా ఇల్లు నడిచింది, విమానం ఎక్కేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కానీ పెద్దదైనప్పుడల్లా పక్కన ఎవరో కొంచెం చిన్నగైతున్నారు. వాళ్లను ముందే అడగాలన్నదే నా బాధ.

సృజనా, రెండో రన్‌వే మాటలు మళ్లీ నడుస్తున్నాయి. సమావేశంలో నీకు మ్యాపు చూపిస్తారు. ఈ నేల మీద నడిచి, ఇక్కడివాళ్లతో చాయ్ తాగి, ఆ తర్వాతే సంతకం పెట్టు బిడ్డా.

ఇన్నేండ్లలో నేను పిట్టను చూసిన ప్రతిసారీ దాన్ని ఎట్లా లేపాలా అనే చూసిన. అది ఏం తింటోంది, పిల్లలకు ఏం తీసుకుపోతోంది అని ఆగి చూసే తీరిక ఉద్యోగం ఇవ్వలేదు. రేపు పొద్దున మొగిలికుంటకు పోతున్న. చేతిలో పటాకులు ఉండవు. సాలమ్మ ఆ పూటకు దుకాణం భవితకు అప్పజెప్పి నా వెంట వస్తానంటోంది, "మీరు సూపియ్యుండ్రి అక్కా, ఏ పిట్ట ఏందో నేను గూడ నేర్సుకుంట" అంటోంది. మేడం అనడం ఇవాళ్టితో మానేసింది. ఈ శాలువా కంటే నాకు ఆ పిలుపే బరువుగా ఉంది.

నన్ను నమ్మి దుకాణం ముందు బల్ల వేసినవారికి, గదిలో నా మాట వినిపించుకున్నవారికి, ఇంతసేపు ఓపికగా కూర్చున్న మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పొద్దున్నే లేవాలి కాబట్టి, ఇగ నాకు సెలవు.