కాలు తీయి గవర్రాజూ

(గాజువాక, 1983. పొద్దు వాలే వేళ. ఇంటి వెనక రేకుల షెడ్డులో తవిటయ్య తన బామ్మరిది గవర్రాజుకు ఇనుము కోసే గ్రైండరు నేర్పుతున్నాడు. తెల్లారితే గవర్రాజుకు కంట్రాక్టరు దగ్గర పరీక్ష.)

“…డెబ్భై తొమ్మిది, ఫిబ్రవరి తొమ్మిది, శుక్రవారం. ఆ రోజు తిన్నది ఇంకా నాలిక మీదే ఉంది బావా. బెల్లం వండే పెద్ద పెనంలోంచి తీసిన వేడి పాకం, అరిటాకు ముక్క మీద. అదే ఆకరి వంట. పొయ్యి ముట్టించే ముందు అయ్య మా అందరి సేతా పెనానికి దండం పెట్టించీవోడు. పొరపాటున కాలు తగిల్తే కళ్లకద్దుకోవాల.”

“బాగుంది. ముందు కాలు తీయి గవర్రాజూ.”

“ఏ కాలు?”

“ఇనుం మీద ఏసిన కాలు. ఇది నాలుగోసారి.”

“ఎప్పుడేసేనో నాకే తెల్దు. సెరుకు ముక్కలు కొట్టినప్పుడు తొక్కిపెట్టే అలవాటు.”

“సెరుకు జారితే మళ్లీ తొక్కుతావు. ఇది జారితే ఈ కోసే బిళ్ల పాదం మీదికి వత్తాది. ముక్కని బల్ల మీది వైసు దవడల మధ్య బిగించు. సేత్తో ఊపి సూడు, కదలకూడదు.”

“కదల్లేదు.”

“తువ్వాలు?”

“మెడ మీదే ఉంది.”

“అందుకే అడుగుతన్నాను. బిళ్ల దాన్ని అందుకుంటే నిన్నూ లాక్కుపోతాది. తీసి మేకుకి తగిలించు. బిళ్ల సూసేవా?”

“సూసేను, పగుల్లేదు. ఈ రేకు డొప్ప అడ్డమొత్తంది బావా, గీత అవుపడ్డం లేదు. విప్పీమంటావా?”

“గార్డు అది. సైటు మీద సగం మంది విప్పీది గీత అవుపడ్డం లేదనే. మాతో పన్జేసే పోలిరాజుకి బిళ్ల ముక్క ఎగిరి తగిలింది, ఇప్పుడు ఆ కంటికి గీతే కాదు, ఏదీ అవుపడదు.”

“…ఉండనీ అయితే.”

“కళ్లద్దాలు పెట్టు. బిళ్లకి ఎదురుగా కాదు, పక్కకి నిలబడు. రెండు సేతుల్తో పట్టు. జోరందుకున్నాకే ఇనుముకి ఆనించు. నొక్కకు, దాని బరువు సాలు. ఆన్ సెయ్యి.”

“సేత్తన్నాను.”

“…ఆపు. ఆపీ.”

“ఆపేను. ఏటయింది?”

“కళ్లు మూసుకున్నావు.”

“లేదు.”

“మూసుకున్నావు. ఉండు, కింద పెట్టకు. బిళ్ల ఇంకా తిరుగుతంది. అది నిలబడేదాకా సేతిలోనే ఉంచు.”

“మనం ఆపితే కొడవలి అక్కడే ఆగుతాది.”

“కొడవలి మాట మర్సిపో. దాన్ని తిప్పినట్టే మణికట్టు తిప్పుతన్నావు. తిప్పితే బిళ్ల ఇరుక్కుంటాది. ఇరుక్కుంటే మిషను ఎగిరి మీదికొత్తాది. తిన్నగా పోనీ.”

“నలభై రెండేళ్లొచ్చీసేయి. ఈ సేతులకి ఇంకో పని రాదు బావా.”

“వత్తాది.”

“రాకపోతే? ఉక్కు ఫేక్టరీకి భూమి పోయినోళ్ల కార్డు పట్టుకుని మూడేళ్లు తిరిగితే ఈ పిలుపొచ్చింది. ఇదీ పోతే అప్ప ఇంట్లో ఇంకెన్నాళ్లు తినమంటావు?”

“మీ అప్పకి ఆ బెంగ లేదు. సేపల పులుసులో తలకాయ నీకు, తోక నాకు. అడగలేక ఊరుకుంటన్నాను.”

“…రేపు ఏటి కోయిత్తారు?”

“ఇనుమే.”

“ఇలాటి యాంగిల్ ముక్కేనా?”

“ఆన్ సెయ్యి. సీకటి పడతంది.”

“…తెగింది. బావా, తెగింది.”

“తిన్నగా తెగింది.”

“కళ్లు తెరిసే ఉంచేను.”

“సూసేను. కాలు కూడా నేల మీదే ఉంది.”

“మరిప్పుడు సెప్పు. రేపు ఏటి కోయిత్తారు?”

“…మీ పెనం ఏం సేసేవు గవర్రాజూ?”

“ఊరు ఖాళీ సేసినప్పుడు గానుగ పాకలో బోర్లించీసి వచ్చేను. ఎనిమిది మంది మోసీ పెనం, నానేటి సేత్తాను? ఏటా బోర్లించీదే కదా, వాన నీరు నిలబడకుండా. ఎందుకడుగుతన్నావు?”

“కంట్రాక్టరు యార్డులో ఉంది. ఊళ్లలో ఒగ్గీసిన ఇనుమంతా పోగేసేరు. తుక్కు కింద కోసీడానికి. పరీక్షకొచ్చినోళ్లకి తలా ఒకటి. నీ వంతుకి పెనం రాసేరు. మార్సమని సూపర్వైజరు శ్రీరామ్మూర్తి గారిని రెండుసార్లు అడిగేను. ఇష్టం లేకపోతే రావద్దనమన్నారు.”

“మా పెనమేనా?”

“అంచు మీద మీ అయ్య పేరు కొట్టుంది.”

“…బోర్లించే ఉందా?”

“బోర్లించే ఉంది.”

“అయితే నీరు నిలవలేదు.”

“నిలవలేదు. పెద్దగా తుప్పు కూడా పట్టలేదు.”

“…వైసులో పట్టదు కదా బావా.”

“పట్టదు. అదే నా బయ్యం. నేల మీద పెట్టి కొయ్యాల. సుట్టూ దుంగలు గెంటి, కదలకుండా సేసుకో. తొందర పెడతారు. నువ్వు తొందర పడకు. అంచు నుంచి మొదలెట్టు.”

“అంచు నుంచి. పేరు దగ్గర కాకుండా.”

“పేరుకి దూరంగా మొదలెట్టు. తరవాత సూద్దాం. పద. షెడ్డు తలుపు మెల్లిగా ముయ్యి. మీ అప్పకింకా ఈ పెనం మాట తెల్దు.”

“మూసేను.”

“రేపు కంగారులో అన్నీ మర్సిపోయినా పరవాలేదు గాని, కాలు మాత్రం…”

“దాని మీద నాను కాలెయ్యను బావా.”