లీన్‌హార్ట్ తిప్పిన భూమి

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, ఆ రోజు మూడొందల కాగితాలు నేనొక్కణ్ణే అచ్చు కొట్టాను," అన్నాడు లీన్‌హార్ట్, వాల్‌బుర్గా బీరుకొట్టులో బల్ల మీద ముంత ఠపీమని పెట్టి.

"ఒక్కడివే?" అన్నాడు రొట్టెలు కాల్చే ఓస్వాల్ట్.

"వినవయ్యా! పొద్దున్న ప్రార్థనల పుస్తకం, మధ్యాహ్నం చర్చి అమ్మే పాపక్షమాపణ చీటీలు బూటకమని తిట్టే కరపత్రం, సాయంత్రం నక్షత్రాల పండితుడి పుస్తకం. మూడింటికీ ఒకటే యంత్రం, ఒకటే సిరా, ఇదిగో ఈ ఒకటే చెయ్యి! తడి కాగితాలన్నీ ఒకే తాడు మీద ఆరేశాను. తీసి దొంతర పెట్టేటప్పుడు పుటలు కలిసిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందీ?"

"ఆదివారం ఫాదరుగారు చర్చిలో పుస్తకం తెరిచి గొంతెత్తి చదివాడు. 'ప్రభువు కరుణామయుడు, తిరిగేది సూర్యుడు కాదు భూమి, చీటీలు కొన్నవాడు వెర్రివెధవ, ఆమెన్!'"

"ఓరి దేవుడో!" ఓస్వాల్ట్ గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు.

"సగంమంది మోకాళ్ళ మీదే ఉండిపోయారు, సగంమంది లేచి బయటికొచ్చేశారు. చర్చి రెండుగా చీలింది అక్కడే! రోములో పోపుగారికి ఎక్కిళ్ళు పట్టుకుని తొమ్మిది రోజులు వదల్లేదు. అసలు వింత ఇంకా ఉంది. అంతదాకా భూమి కదలకుండా బుద్ధిగా కూర్చునే ఉంది. అంతటి ఫాదరు చదివాక తిరక్కపోతే ఏం బాగుంటుందని అప్పుడే మొదలెట్టింది. నా కాళ్ళ కింద కిర్రుమంది కూడాను!"

మూలబల్ల దగ్గరున్న నల్లకోటు మనిషి లేచాడు. జేబులోంచి నలిగిన కరపత్రం తీశాడు.

"మూడు నెలలుగా నీ కోసమే వెతుకుతున్నానయ్యా. ఇది అచ్చువేసినవాడి తల తీయమని బిషప్పుగారి ఆజ్ఞ. పద."

కొట్టులో ఎత్తిన ముంతలు ఎత్తినట్టే ఉన్నాయి. లీన్‌హార్ట్ గబుక్కున చేతులు జోడించాడు.

"అయ్యగారూ, నాకు చదువే రాదు! యంత్రం ముట్టుకోనైనా లేదు!"

వాడి నోట నిజం రావడం అదే మొదటిసారి. అది నమ్మేవాడే లేడు.

"ఇందాక చెయ్యూపుతూ చెప్పిందెవరు?" నల్లకోటు వాడి మెడపట్టీ పట్టుకుని గుమ్మంవైపు ఈడ్చాడు.

"ఆగండి అయ్యగారూ," అంది వాల్‌బుర్గా. "ఆ చెయ్యి ఒక్కసారి వాసన చూడండి."

చూశాడు. చూసి, చటుక్కున వదిలేశాడు.

"సిరా అద్దే తోలుదిండ్లు మెత్తబడాలంటే ఉచ్చలో నానబెట్టాలి. మా పెరట్లో వీళ్ళంతా పోసే కుండ నిండగానే మోసుకెళ్ళి ఊళ్ళో అచ్చుశాలలన్నిటికీ పోసొచ్చేది వీడే. పదకొండేళ్ళుగా వీడికి తెలిసిన అచ్చుపని అదొక్కటే."

నల్లకోటు మనిషి చెయ్యి గోడకి రాసుకుంటూ వెళ్ళిపోయాడు.

"అయితే ఆ చర్చి చీలికలో మన వాటా కూడా ఉందన్నమాట!" అన్నాడు ఓస్వాల్ట్. కొట్టంతా పగలబడి నవ్వింది.

లీన్‌హార్ట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నలుగురిలో నా పరువు తీశావు కదక్కా!"

"తీశాన్రా. పరువు రేపటికల్లా నువ్వే మళ్ళీ పెంచుకుంటావు," అంది వాల్‌బుర్గా, వాడి ముంత నింపుతూ. "తల మొలవదు."