గిడ్డమ్మ కొట్టంలో నా లింగకాయ

1955 ఫిబ్రవరి 12, శనివారం. ఉదయం పదకొండు గంటలు. తాలూకా మేజిస్ట్రేటు వారి ఎదుట.

నా పేరు రామలింగప్ప. తండ్రి బసప్ప. వయసు నలభై ఆరు. నేతపని. ఇంట్లో ఒక గుంతమగ్గం ఉండాది. మా ఊరు కర్నూలు జిల్లా, తుంగభద్ర గడ్డన. నన్ను ఎవురూ కొట్టలేదు, భయపెట్టలేదు. నా అంతట నేనే వచ్చినా.

ముందు ఈ మాట రాసుకోండి సార్. మా ఊరి బొజ్జన్న చొప్ప వామికి మహానంది నిప్పు పెట్టలేదు. ఆ యాళకు వాడు నా పక్కన కూర్చోనుండె. మూడో తేదీ నేను పోలీసులకు చెప్పింది అబద్ధం. దాని కింద సంతకం మాత్రం నాదే.

మహానంది మా వీధి పిల్లోడు, కూలి చేస్తాడు. నేను పడుగు సాగదీసే దినం పిలవకుండానే వచ్చి ఒక కొస పట్టుకుంటాడు. నన్ను మామా అంటాడు.

ఫిబ్రవరి ఒకటో తేదీ, మంగళవారం. పొద్దున మహానంది దూడ బొజ్జన్న చేన్లో పడిందని ఇద్దరికీ మాటలయినాయి. 'నీ వామి కాలిపోను' అని వాడు అనింది నిజం. నేనూ విన్యా. నోరు ఊరుకోదు ఆ నాకొడుక్కు. మధ్యాన్నం నా మగ్గం కాడికొచ్చి ఇంకా గొణుగుతాంటే, 'పారా, ఏటవతలికి పోయొద్దాం, కోపం దిగుతాది' అంటిని. నేనే పిలిస్తిని. అది రాసుకోండి.

ఏటవతల హైదరాబాదు సర్కారు. ఆడ కల్లు తాగితే ఎవురూ అడగరు. ఈడ తాగితే జైలు. ఆ గడ్డన ఇసకలో, ఈతచెట్ల నడుమ గిడ్డమ్మ కొట్టం ఉండాది. ఈతాకుల కప్పు, నాలుగు చాపలు, కల్లు కుండలు. చెట్లు ఆమె మొగుడే గీస్తాడు. గుగ్గుళ్లు పెడతాది, ఏటి చేపలు వేయించి ఇస్తాది. నేను చేపలు తినను. కల్లు తాగినోడికి చేపలేం లెక్క అని మీరు నవ్వొచ్చు. తినను సార్.

మూడు గంటలకు ఆడికి చేరితిమి. మేము లింగం కట్టుకున్నోళ్లం. లింగానికి పూజ చేయందే ముద్ద ముట్టం. అది ఒంటి మీద నుంచి తీసినోడు మా లెక్కలో చచ్చినోడే. మెడలో అది ఉండంగా ముంత ఎత్తేదానికి నాకు చెయ్యి రాలేదు. తీసి గుంజకు ఉండే కొయ్యకు తగిలిస్తిని. వెండి లింగకాయ, లింగం దాని లోపలే ఉంటాది. మూత మీద సొట్ట ఉండాది, పిల్లప్పుడు పడేసుకుంటి. 'అది ఎందుకు తీస్తావు మామా, వద్దులే, పోదాం రా' అన్యాడు మహానంది. వాడు పోదామన్యాడు. నేను కూర్చోమంటిని.

ఆరు గంటల బస్సు మోత మా గడ్డన వినపడె. అప్పుడే గిడ్డమ్మ, 'ఏమప్పా, మీ ఊర్లో ఏందో మండుతాండాది చూడండి' అనె. బయటికొచ్చి చూస్తిమి. 'అయ్యో, బొజ్జన్న వామి మామా! ఎద్దులు దాని పక్కనే కట్టేస్తాడు!' అని మహానంది నీళ్లలోకి దిగె. పొద్దున తిట్టినోడే సార్. నీళ్లు మోకాటి లోతు. నేను చెయ్యి పట్టుకుంటిని. 'నోరు కంపు కొడతాండాది, అందరికీ తెలిసిపోతాది, నా పరువు పోతాది' అంటిని. వాడు గుంజుకున్యాడు. రెండు చేతులా పట్టుకుంటిని. మోకాటి లోతే నీళ్లు. నేను వదిలింటే వాడు ఏట్లో నుంచి వచ్చేది ఊరంతా చూసిండేది. నేను వదల్లేదు.

అంతలో జనం కడవలెత్తుకొని ఏటికి వచ్చిరి. కనపడతామని ఎగువకు పరిగెత్తి, రెండు మైళ్ల పైన దాటితిమి. ఎవురడిగినా ఆలూరు సంతకు పోయింటిమని చెప్దామని దోవలో అనుకుంటిమి. తొమ్మిది గంటలకు మా గడప ఎక్కి ఎదురొమ్ము తడుముకుంటే లింగకాయ లేదు.

మర్నాడు తెల్లారేసరికి రేవులో పోలీసులు. విచారణ అయ్యేదాకా ఎవురూ ఏరు దాటకూడదన్యారు. స్నానానికి పోయి ఒక నల్లరాయి ఏరుకొని, గుడ్డలో చుట్టి మెడకు కట్టుకుంటిని. ఈ పది దినాలూ ఆ రాయికే విభూతి పెట్టినా. పత్రి పెట్టినా. 'లింగకాయ యాడ?' అని నా పెండ్లాం బసమ్మ అడిగె. సొట్ట తీసేదానికి కంసాలి కాడ ఇచ్చినా అంటిని. ఆమె మళ్లీ అడగలేదు. అన్నం పెడతాది, నేను పిసికి లేస్తాంటా.

మూడో తేదీ పొద్దున పోలీసులు మా ఇంటికొచ్చిరి. 'మహానంది నీతో ఆలూరికి పోయినానంటాండాడు, నిజమేనా?' అనిరి. నేను మగ్గం గుంతలో కూర్చోనుండా. నిజమంటే, సంతలో నిన్ను ఎవురు చూసినారంటారు. చూసినోళ్లు లేరంటే, మరి యాడున్యావంటారు. 'నేను యాడికీ పోలేదు, నేస్తాంటి' అంటిని. బసమ్మను అడిగిరి. ఆమె నా మొహం చూసె. 'అవును, ఇంట్లోనే ఉండె' అనె. అంతే, మహానంది చెప్పింది అబద్ధమయిపోయె. ఆ సాయంత్రమే పట్టుకపోయిరి.

నిన్న వాని తల్లి ఉరుకుందమ్మ సబ్‌జైల్లో కొడుకును చూసి నేరుగా మా ఇంటికొచ్చె. 'నీకు ఒక మాట చెప్పమన్యాడప్పా. మామ సామాను సంగతి నా నోట రాదు, ధైర్యంగా ఉండమను అన్యాడు. ఏం సామానప్పా అది?' అనడిగె. సామానంటే ఆ లింగకాయే సార్. వాన్ని జైల్లో పెట్టిచ్చింది నేను, వాడు నాకు ధైర్యం చెప్పి పంపించినాడు సార్! సిగ్గుతో చచ్చిపోతి. ఈ పొద్దు మొదటి బస్సుకు వస్తిని.

సాక్ష్యం ఏమని మీరు అడిగినందుకు చెప్తాండా. గిడ్డమ్మ కొట్టానికి మనిషిని పంపించండి. తూర్పు గుంజ, మనిషెత్తు కొయ్య. గిడ్డమ్మ ఒకరి వస్తువు ముట్టే మనిషి కాదు. మెడలో ఉండేది ఏమని అడిగినందుకు గుడ్డ విప్పి బల్ల మీద పెట్టినా. ఇది ఏటి రాయి. ఇదీ రాసుకోండి. బసమ్మ వాకిట్లో నిలబడుండాది, కంసాలి కాడికే వచ్చినామని చెప్పి తీసుకొచ్చినా. ఆమె చెప్పిన అబద్ధం నా వల్లనే. ఆమె పైన కేసు రాయొద్దండి. రాసింది వాకిట్లోకి వినపడకుండా కొంచెం మెల్లగా చదవండని గుమాస్తాగారిని అడిగితిని. గట్టిగానే చదవాలంట. చదివినారు.

సరిగానే ఉండాది. మేము లింగం ముట్టుకొని ప్రమాణం చేస్తాము. ముట్టుకునేదానికి నా కాడ లేదు. ఉత్త చేత్తోనే చెప్తాండా, ఇదంతా నిజం.

(సంతకం) రామలింగప్ప

పై సాక్షి భార్య బసమ్మ, వయసు నలభై, ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చి చెప్పినది:

ఆ దినం మా ఇంటాయన ఇంట్లో లేడు. నేను చెప్పింది అబద్ధం. కేసు రాస్తే రాసుకోండి. కంసాలి కాడికి నేను పోయి అడిగొచ్చి వారమయింది. ఆయనే చెప్తాడని చూస్తాంటి.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర) బసమ్మ