పొట్టోని నడుము

ఆ నిద్రపుచ్చే సూది సంచిలనే ఉండనియ్యి డాక్టరమ్మా. బయటికి తియ్యకు. నీకు ఫోన్ చేసింది నేను కాదు, మా మరిది కొడుకు నరేష్. నన్ను ఒక్కమాట అడగకుంట చేసిండు. వాడు పిలిస్తె నువ్వు రావుడేంది? సచ్చేది వాని కుక్కనా?

గట్ల వాకిట్ల నిలబడకు, వచ్చి మంచం మీద కూసో. గట్టిగ మాట్లాడుతున్ననని ఏమనుకోకు. మంచినీళ్ల కోసం ఖాళీ బిందెలు ముందట వెట్టుకొని కలెక్టర్ ఆఫీసు కాడ ఎండల కూసున్న మనిషిని నేను. మెల్లగ మాట్లాడితె ఎవ్వలు ఇనలే. గందుకే ఈ యాదమ్మ గొంతు గిట్ల తయారైంది.

ఇగో, గంప లేపుతున్న, చూడు మా పొట్టోన్ని. మెదలనియ్యొద్దని చెప్పినవ్ కద, నా దగ్గర బోనెక్కడిది? కోళ్లను కమ్మే గంప కిందనే ఉంచుతున్న. నవ్వొస్తె నవ్వు, ఏం కాదు. ఊరోళ్లు ఎప్పటిసందో నవ్వుతనే ఉన్నరు. గంత పొడుగు నడుము, బెత్తెడు కాళ్లు. కుక్కనని ఉడుమును తెచ్చుకున్నవా గురవయ్యా అని మా ఆయనను ఆటపట్టిచ్చేటోళ్లు.

మేం తెచ్చుకున్నది కాదమ్మా. పట్నపోళ్లు ఈడ ఫారం హౌసు కట్టుకున్నప్పుడు పిల్లల కోసం తెచ్చిన్రు. మా ఆయన ఆడ కావలి ఉండె. కొన్నేండ్లకు వాళ్లు జాగా అమ్ముకొని పోయిన్రు. సోఫాలు యాదిమరువలే, కూలర్లు యాదిమరువలే. దీన్ని యాదిమరిచిన్రు.

మా ఆయన సంగతి నీకు తెల్వది. ఫ్లోరైడు ఉన్న బోరునీళ్లు తాగి తాగి ఎన్నుపూస వంగి బిగుసుకపోయింది. మెడ లేవకపోయేది. ఎవరన్న వచ్చి ముందట నిలబడితె చెప్పులు చూసి పేరు చెప్పేటోడు. నిలబడి ఉన్న మనిషి మొకం ఎన్నడు చూడలే ఆయన. వీడొక్కడే సరిగ్గ ఆ చూపు కాడికి వచ్చేటోడు. ఇద్దరు ఒకల మొకం ఒకలు చూసుకుంట అరుగు మీద పొద్దంత కూసునేటోళ్లు. నేను పనికెల్లి వచ్చేసరికి, నేనే ఆ ఇంటికి చుట్టమైనట్టు చూసేటోళ్లు ఇద్దరు.

ఆయన సచ్చిపోయిన నాడు పాడె కిందనే నడిచిండు వీడు. పిల్లలు రాళ్లేసి ఎల్లగొట్టిన్రు. మళ్లొచ్చిండు.

సరే, కాళ్లు పడిపోయిన ముచ్చట నువ్వు అడుగనే లేదు, నేనే చెప్త. మంచం మీదికెల్లి దుంకి కుయ్యిమన్నడు. తెల్లారి లేచి చూస్తె ఎనుక కాళ్లు ఈడుస్తుండు. నాకేం తోస్తది చెప్పు? ఈ ఊర్ల నడుము పడిపోయిందంటె మాకు తెలిసింది ఒక్కటే రోగం. నీళ్లు. బర్రె కోసం పాత బోరు కాడ తొట్టి ఉంటె, దాంట్ల మూతి పెడుతుండె వీడు. ఇంకేముంది, వీన్ని గూడ ఆ నీళ్లే తిన్నయనుకున్న. తొట్టి బోర్లేసిన. నల్లానీళ్లు కాగవెట్టి సల్లార్చి తాపిన. చింతపండు ఇసాన్ని దించుతదని అప్పట్ల మా ఆయనకు చెప్పిన్రు, గందుకని వీని అన్నంల చారు పోసిన.

దవాఖానకు ఎందుకు ఉరుకుత చెప్పు? ఆ నీళ్ల రోగం తొందరపడదు. ఏండ్లకేండ్లు కూసోని తింటది. అది తొందరపడదని నేను గూడ తొందరపడలే.

పూసల నడుమ ఉండే మెత్తటిది జారి నరాన్ని ఒత్తిందని నీ దగ్గరికి వచ్చినంకనే తెలిసింది. అయిన రోజే తెస్తె బాగుండు అన్నవ్. మెల్లగనే అన్నవ్. తిట్టినా బాగుండు బిడ్డా.

అప్పటిసంది నేను ఏం తక్కువ చేసిన? పొట్ట ఒత్తి ఉచ్చ పోయించుడు నువ్వే నేర్పినవ్. మా ఆయనకు అన్నీ చేసిన చేతులు, నేర్చుకునేతందుకు ఎంతసేపు? ఈ పక్కకెల్లి ఆ పక్కకు తిప్పి పండవెట్టుడు, పుండ్లు కడుగుడు, మందు రాసుడు, ఏది ఆపలే. పెండ్లికి పిలిస్తె పోలే. వాడు మురికి చేసుకున్నప్పుడు నా మొకం చూడకుంట తల దాసుకుంటడు. మనిషికి ఉన్నంత సిగ్గుంది వానికి.

ఏమంటున్నవ్? అన్నం ఎప్పటిసంది తింటలేడా? నిన్నటికెల్లి. మొన్నటికెల్లి అనుకో. నీళ్లయితె తాగుతుండు. నేను ఏలు ముంచి మూతికి రాస్తె నాకుతుండు.

పుండ్లల్ల పురుగులు పడ్డయని నరేష్ చెప్పిండా? చెప్తడు. ముక్కు మూసుకొని వాకిట్లకెల్లే చూసి పోతడు వాడు. పడ్డయ్. తీసిన. మళ్ల పడ్డయ్.

అయితె ఏంది? ఆశ ఉన్నదని నువ్వే అన్నవ్ కద. ఎనుక కాలి ఏలు గట్టిగ నొక్కి చూడు, తిరిగి చూసిండంటె లోపల నరం ఇంక బతికున్నట్టే అన్నవ్. రోజు నొక్కిన. చూస్తుండు డాక్టరమ్మా, నా దిక్కు తిరిగి చూస్తుండు అని ఫోన్ల చెప్పిన. నువ్వు సంబరపడి ఇంకిన్ని గోళీలు రాసినవ్.

ఆగు. నువ్వు నొక్కకు. ఆ కాలు ఇడువు బిడ్డా, చెప్తున్న.

నేను నొక్కేటప్పుడు పొట్టోడా అని పిలుస్తుంటి. పిలిస్తె చూడకుంట ఎట్లుంటడు? సావు మీదున్నా చూస్తడు వాడు. నీకు అబద్దం చెప్పాల్నని కాదు. మొదటిసారి పిలువకుంటనే నొక్కిన. గోరు దిగేదాక నొక్కిన. గోడ దిక్కే చూసుకుంట పండుకున్నడు. నాకు పానం ఆగలే, పిలిచిన. తిరిగిండు. ఇగ అది చాలనుకున్న.

గిట్ల సూడకు నన్ను. మందు లేని రోగాన్ని ఒకసారి చూసినదాన్ని, మళ్లొకసారి చూడలేక చేసిన పని. వాడు మూలుగుతుంటె గంప పక్కన పండుకొని, జర ఓపిక పట్టు అని వానికే చెప్పిన. ఓపిక వాడు పట్టిండు. నేనే వాన్ని ఇడువలే.

సరే. తియ్యి సూది.

నరేష్‌ను లోపలికి రానియ్యకు. ముందటి కాలు ముట్టకు, గది ఇంక పానమున్న కాలు. ఎనుక కాలికే ఇయ్యి బిడ్డా. గాడైతె వానికి తెల్వది.